అమెరికాలో వలస భాషలు: ఏది నిలిచింది, ఏది పోయింది, మన ఉర్దూ-తెలుగు సంగతేంటి?

అమెరికా ప్రభుత్వం ఏటా సుమారు 35 లక్షల ఇళ్లకు ఒక సర్వే ఫారం పంపుతుంది. అందులో భాష గురించి మూడు ప్రశ్నలుంటాయి. ఇంట్లో ఇంగ్లిష్ కాకుండా వేరే భాష మాట్లాడతారా? మాట్లాడితే అది ఏ భాష? ఇంగ్లిష్ ఎంత బాగా వచ్చు? రెండో ప్రశ్న కింద ఒక్క భాష రాయడానికే చోటుంటుంది.

కర్నూలు నుంచో గుంటూరు నుంచో వెళ్లి డాలస్‌లో స్థిరపడిన ముస్లిం కుటుంబం ఆ గడిలో ఏం రాయాలి? అమ్మీ, అబ్బా మధ్య ఉర్దూ. ఊళ్లో స్నేహితులతో ఫోన్ అంటే తెలుగు. ఖురాన్ చదివేది అరబీలో. పిల్లలు తమలో తాము మాట్లాడుకునేది ఇంగ్లిష్. వీటిలో ఏ ఒక్కటి రాసినా మిగతావి లెక్కలోకి రావు. లెక్క సంగతి అలా ఉంచితే, పాతికేళ్ల తర్వాత అదే ఇంట్లో వీటిలో ఏవి మిగులుతాయన్నది అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న మనకే కొత్తగా రాలేదు. జర్మన్లు, యూదులు, సిరియన్లు, పంజాబీలు, పోలిష్‌వాళ్లు, బంగాలీలు అందరూ దీన్ని ఎదుర్కొన్నారు. వాళ్ల అనుభవం చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. అమెరికాలో ఒక భాష నిలవడానికి మాట్లాడేవాళ్ల సంఖ్య ఒక్కటే చాలదు. ఇంట్లో పెద్దవాళ్లు పిల్లలతో ఆ భాషలోనే మాట్లాడాలి. ఇంటి బయట కూడా ఆ భాషకు ఒక చోటు ఉండాలి. ఈ రెండూ లేనిచోట లక్షల మంది మాట్లాడిన భాషలు కూడా పోయాయి.

అంకెలు ఏం చెబుతున్నాయి?

ఇప్పుడున్న రూపంలో ఈ మూడు ప్రశ్నలు 1980 జనగణన నుంచి అడుగుతున్నారు. అయిదేళ్లు, ఆపై వయసున్నవాళ్లనే లెక్కలోకి తీసుకుంటారు. 1980లో ఇంట్లో ఇంగ్లిష్ కాకుండా వేరే భాష మాట్లాడేవాళ్లు 2.31 కోట్ల మంది. 2019 నాటికి 6.78 కోట్లు, అంటే దాదాపు మూడు రెట్లు. దేశంలో ప్రతి అయిదుగురిలో ఒకరు అన్నమాట.

2019 లెక్కల్లో ముందున్న భాషలు ఇవి:

- స్పానిష్: 4.18 కోట్లు
- చైనీస్: సుమారు 35 లక్షలు
- టాగలాగ్ (ఫిలిప్పీన్స్ భాష): 17 లక్షలకు పైగా
- వియత్నమీస్: 15 లక్షలకు పైగా
- అరబీ: 12 లక్షలకు పైగా

వేరే భాష మాట్లాడుతున్నారంటే ఇంగ్లిష్ రాదని కాదు. వీళ్లలో ప్రతి పదిమందిలో ఆరుగురు తమకు ఇంగ్లిష్ చాలా బాగా వచ్చని ఆ ఫారంలోనే రాశారు.

మన భాషల సంగతికి వస్తే, 2009-13 సర్వేలో ఉర్దూ మాట్లాడేవాళ్లు సుమారు 4 లక్షలు, తెలుగు మాట్లాడేవాళ్లు సుమారు 2.5 లక్షలు. 2017 నాటికి తెలుగు 4 లక్షలు దాటింది. 2010-17 మధ్య తెలుగు 86 శాతం పెరిగిందని, అమెరికాలో అత్యంత వేగంగా పెరుగుతున్న భాష ఇదేనని సెంటర్ ఫర్ ఇమిగ్రేషన్ స్టడీస్ అనే సంస్థ ప్రభుత్వ లెక్కల ఆధారంగా చెప్పింది. ఆ వార్త మన పేపర్లన్నిటిలో వచ్చింది, చాలామంది సంతోషపడ్డారు.

కానీ ఆ పెరుగుదల ఎక్కడిదో చూడాలి. అందులో ఎక్కువ భాగం చదువుకి, ఐటీ ఉద్యోగాలకి కొత్తగా విమానం దిగినవాళ్లదే. అక్కడే పుట్టిన పిల్లలు తెలుగులో మాట్లాడుతున్నారా లేదా అన్నది ఆ ఒక్క అంకె చెప్పదు. కొత్త నీళ్లు వస్తున్నంత కాలం చెరువు నిండుగానే కనిపిస్తుంది. అడుగున ఎంత ఇంకిపోతోందో పైనుంచి తెలియదు.

మూడు తరాల లెక్క

అమెరికాలో వలస భాషల మీద పరిశోధన చేసినవాళ్లు దశాబ్దాలుగా ఒకే క్రమం చూస్తున్నారు. వచ్చిన తరం సొంత భాషలో బతుకుతుంది, ఇంగ్లిష్ అవసరానికి నేర్చుకుంటుంది. రెండో తరానికి రెండూ అర్థమవుతాయి, కానీ జవాబు ఇంగ్లిష్‌లోనే వస్తుంది. మూడో తరానికి తిండి పేర్లు, చుట్టరికం పిలుపులు, ఒకటి రెండు తిట్లు మిగులుతాయి.

దక్షిణ కాలిఫోర్నియా మీద రూబెన్ రుంబౌట్, డగ్లస్ మాసీ, ఫ్రాంక్ బీన్ 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. మనిషి ఆయుర్దాయం లెక్కించినట్టే అందులో భాషల ఆయుర్దాయం లెక్కించారు. మెక్సికన్ కుటుంబాల్లో స్పానిష్ సుమారు మూడు తరాలు ఉంటోంది. పక్కనే మెక్సికో ఉన్నా, రేడియో, టీవీ, బజారు అన్నీ స్పానిష్‌లో దొరుకుతున్నా అంతే. ఆసియా భాషలకు రెండు తరాలు కూడా కష్టమే.

భాష జారిపోవడం ఎప్పుడు మొదలవుతుంది? బర్కిలీ ప్రొఫెసర్ లిలీ వాంగ్ ఫిల్‌మోర్ 1991లో వెయ్యికి పైగా వలస కుటుంబాల మీద చేసిన అధ్యయనం వివరాలు వెల్లడించారు. సొంత భాష గట్టిపడకముందే ఇంగ్లిష్ ప్రీస్కూల్‌కి వెళ్లిన పిల్లల ఇళ్లలో భాష త్వరగా మారిపోతోందని అందులో తేలింది. పిల్లలు ఇంగ్లిష్‌కి మారతారు, పెద్దవాళ్లకు అంత ఇంగ్లిష్ రాదు. చివరికి తల్లిదండ్రులు పిల్లలకు బుద్ధి చెప్పాలన్నా, కష్టం చెప్పుకోవాలన్నా మాటలు చాలవు. భాష పోవడమంటే పెద్దరికం పోవడం కూడా.

జర్మన్: యుద్ధం కొట్టిన దెబ్బ

19వ శతాబ్దంలో అమెరికాలో ఇంగ్లిష్ తర్వాత పెద్ద భాష జర్మన్. ఒహాయో రాష్ట్రం సిన్సినాటిలో 1840 నుంచే ప్రభుత్వ బడుల్లో జర్మన్, ఇంగ్లిష్ రెండూ నేర్పేవారు. జర్మన్ పేపర్లు, చర్చిలు, క్లబ్బులు వందల్లో ఉండేవి.

1917లో అమెరికా జర్మనీ మీద యుద్ధానికి దిగింది. ఒక్కసారిగా జర్మన్ శత్రువుల భాష అయింది. 1918 మేలో అయోవా గవర్నర్ విలియం హార్డింగ్ ఒక ప్రకటన జారీ చేశారు. బడిలో, వీధిలో, రైలులో, టెలిఫోన్‌లో, చర్చిలో ఇంగ్లిష్ తప్ప వేరే భాష మాట్లాడకూడదని, ఇంగ్లిష్ రానివాళ్లు ఇంట్లోనే ప్రార్థన చేసుకోవాలని అందులో ఉంది.

పక్క రాష్ట్రం నెబ్రాస్కా 1919లో ఇంకో అడుగు వేసింది. ఎనిమిదో తరగతి పూర్తికాని పిల్లలకు విదేశీ భాష నేర్పడం నేరమని చట్టం చేసింది. 1920 మేలో రాబర్ట్ మేయర్ అనే టీచర్ ఒక చర్చి బడిలో పదేళ్ల పిల్లవాడితో జర్మన్‌లో బైబిల్ కథ చదివిస్తూ పట్టుబడ్డాడు. 25 డాలర్ల జరిమానా వేశారు. ఆయన కట్టలేదు, కోర్టుకి వెళ్లాడు. 1923లో సుప్రీంకోర్టు 7-2 తీర్పుతో ఆ చట్టాన్ని కొట్టేసింది. పిల్లలకు ఏ భాష నేర్పించాలన్నది తల్లిదండ్రుల స్వేచ్ఛలో భాగమని ఆ తీర్పు చెప్పింది. ఈరోజు మస్జిద్‌లో మక్తబ్ నడపాలన్నా, వారాంతాల్లో తెలుగు బడి పెట్టాలన్నా వెనక నిలబడే తీర్పుల్లో ఇదొకటి.

టీచర్ గెలిచాడు కానీ భాష గెలవలేదు. భయపడిన తల్లిదండ్రులు అప్పటికే పిల్లలతో ఇంగ్లిష్‌లో మాట్లాడటం మొదలుపెట్టారు. ఇవాళ తమ మూలాలు జర్మనీవని చెప్పుకునే అమెరికన్లు 4 కోట్లకు పైనే. ఇంట్లో జర్మన్ మాట్లాడేవాళ్లు 10 లక్షల లోపే.

మతం కాపాడిన భాషలు

జర్మన్ కుటుంబానికే చెందిన ఒక మాండలికం మాత్రం పెరుగుతోంది. పేరు పెన్సిల్వేనియా డచ్. పేరులో డచ్ ఉన్నా అది జర్మనే. 18వ శతాబ్దంలో వచ్చిన ఆమిష్ క్రైస్తవులు ఇంట్లో ఇదే మాట్లాడతారు. బయటివాళ్లతో ఇంగ్లిష్, ప్రార్థనలో పాత జర్మన్. ఎనిమిదో తరగతి వరకు సొంత బడులు నడుపుకుంటారు. ఆ తర్వాత పిల్లల్ని హైస్కూల్‌కి పంపాలని బలవంతం చేయకూడదని 1972లో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్ల జనాభా ఇప్పుడు 3.5 లక్షలు దాటింది.

యూదుల యిడ్డిష్ కథ కూడా ఇలాంటిదే. 1897లో న్యూయార్క్‌లో మొదలైన 'ఫార్వర్ట్స్' పత్రిక ఒక దశలో రోజుకు 2 లక్షలకు పైగా ప్రతులు అమ్మింది. 1978లో సాహిత్యంలో నోబెల్ అందుకున్న ఐజక్ బషెవిస్ సింగర్ కథలు ముందు అందులోనే వచ్చేవి. కానీ చదివినవాళ్ల పిల్లలు ఇంగ్లిష్ పత్రికలకు మళ్లారు. 1983లో అది వారపత్రిక అయింది. 2019లో అచ్చు ఆగిపోయి ఆన్‌లైన్‌కే పరిమితమైంది. అదే న్యూయార్క్‌లో బ్రూక్లిన్‌లోని విలియమ్స్‌బర్గ్, బరో పార్క్ వాడల్లో హసిడిక్ యూదుల ఇళ్లలో చంటిపిల్లలు ఇవాళ కూడా యిడ్డిష్‌లోనే ఆడుకుంటారు. బడి ఆ భాషలోనే, కిరాణా కొట్టు బోర్డు ఆ భాషలోనే.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా ఉంది. ఆమిష్, హసిడిక్ సమాజాలు బయటి ప్రపంచానికి దూరంగా ఉండి భాషను నిలుపుకున్నాయి. డాక్టర్, ఇంజనీర్ కావాలనుకునే పిల్లలున్న మన కుటుంబాలకు ఆ దారి కుదరదు. కానీ ప్రార్థన, బడి, బజారు మూడు చోట్లా పిల్లల చెవిన పడే భాష ఎందుకు బతుకుతుందో వాళ్లను చూస్తే తెలుస్తుంది.

అరబీ: బానిస రాసిన కాగితాల నుంచి డియర్‌బోర్న్ దాకా

అమెరికాలో ముస్లింల భాషల చరిత్ర వలసతో మొదలవలేదు. బానిసత్వంతో మొదలైంది. ఇప్పటి సెనెగల్ ప్రాంతపు ఆలిమ్ ఉమర్ ఇబ్న్ సయీద్‌ను 1807లో ఓడలో తెచ్చి చార్లెస్టన్‌లో అమ్మేశారు. 1831లో ఆయన తన జీవితకథను అరబీలో రాశారు. మొదట సూరా అల్-ముల్క్ జ్ఞాపకం నుంచి రాసి, ఆ తర్వాత తన కథ చెప్పుకున్నారు. ఆ చేతిరాత ఇప్పుడు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. ఆయనలా చదువుకున్న ముస్లింలు ఇంకా చాలామంది బానిసలుగా వచ్చారు. కుటుంబాల్ని విడదీసి అమ్మేశారు కాబట్టి వాళ్ల భాష పిల్లలకు చేరలేదు. నేర్పే అమ్మ, వినే బిడ్డ ఒక చోట ఉండనివ్వకపోతే ఎంత గొప్ప చదువైనా ఆగిపోతుంది.

సొంతంగా వలస వచ్చిన అరబ్బులు 19వ శతాబ్దం చివర్లో మొదలయ్యారు. ఎక్కువమంది లెబనాన్, సిరియా ప్రాంతాల క్రైస్తవులు. 1892లో న్యూయార్క్‌లో 'కౌకబ్ అమెరికా' పేరుతో మొదటి అరబీ పత్రిక వచ్చింది. వాళ్ల మనవల్లో ఎక్కువమందికి అరబీ రాలేదు.

మిచిగన్‌లోని డియర్‌బోర్న్‌ది వేరే కథ. ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ పనికి లెబనాన్, యెమెన్ నుంచి మనుషులు వచ్చారు. తర్వాత లెబనాన్ యుద్ధం, ఇరాక్ యుద్ధాల వల్ల కొత్త కుటుంబాలు వస్తూనే ఉన్నాయి. మస్జిద్‌లు, బేకరీలు, క్లినిక్‌లు, లాయర్ ఆఫీసులు అన్నీ అరబీలో నడుస్తాయి. ఇవాళ ఆ ఊరి జనాభాలో సగానికి పైగా అరబ్ మూలాలున్నవాళ్లే.

అమ్మ భాషే బిడ్డ భాష

మన ఉపఖండం నుంచి మొదట వెళ్లినవాళ్ల సంగతి చాలామందికి తెలియదు. 20వ శతాబ్దం మొదట్లో పంజాబ్ నుంచి సిక్కు, ముస్లిం, హిందూ రైతులు కాలిఫోర్నియా పొలాలకు వెళ్లారు. 1917 చట్టంతో ఆసియా నుంచి వలస దాదాపు ఆగిపోయింది. ఊరి నుంచి భార్యల్ని తెచ్చుకునే వీలు లేదు. వేరే జాతివాళ్లను పెళ్లి చేసుకోకూడదనే చట్టాలు అప్పట్లో ఉన్నాయి. దాంతో చాలామంది మెక్సికన్ ఆడవాళ్లను పెళ్లి చేసుకున్నారు. పిల్లల పేర్లలో హోసే పక్కన అక్బర్ ఖాన్ లాంటి పేర్లు చేరాయి. వాళ్లు మాట్లాడింది మాత్రం అమ్మ భాష స్పానిష్. రోజంతా పొలంలో ఉండే నాన్న భాష పంజాబీ పిల్లలకు రాలేదు. ఈ కుటుంబాల మీద పుస్తకం రాసిన కేరెన్ లెనార్డ్, వేరే దేశాలకు వలసపోయిన హైదరాబాదీల మీద కూడా 2007లో ఒక పెద్ద పుస్తకం రాశారు.

న్యూయార్క్‌లోనూ ఇదే జరిగింది. ఓడల్లో పనిచేస్తూ దిగిపోయిన సిల్హెట్, నోఆఖాలీ బంగాలీ ముస్లింలు హార్లెమ్‌లో నల్లజాతి, ప్యూర్టోరికన్ ఆడవాళ్లను పెళ్లి చేసుకుని స్థిరపడ్డారు. బంగ్లా ఆ ఇళ్లలో ఒక తరంతోనే ఆగింది. వివేక్ బాల్డ్ 2013లో రాసిన 'బెంగాలీ హార్లెమ్' పుస్తకం వల్ల వాళ్ల కథ బయటికొచ్చింది.

హామ్‌ట్రామిక్: ఒకే ఊరు, మారిన భాషలు

డెట్రాయిట్ నగరం మధ్యలో హామ్‌ట్రామిక్ అనే చిన్న ఊరుంది. డాడ్జ్ కార్ల ఫ్యాక్టరీ వచ్చాక పోలాండ్ నుంచి పనివాళ్లు వేలల్లో చేరారు. 1930లో జనాభా 56 వేలు. చర్చి, బడి, బేకరీ, రాజకీయం అన్నీ పోలిష్‌లోనే. 1980లో ఫ్యాక్టరీ మూతపడింది. పోలిష్ పిల్లలు అప్పటికే శివార్లకు వెళ్లిపోయారు. భాష కూడా వాళ్లతోపాటు వెళ్లి ఇంగ్లిష్‌లో కలిసిపోయింది.

ఖాళీ అయిన ఇళ్లలోకి యెమెన్, బంగ్లాదేశ్, బోస్నియా కుటుంబాలు వచ్చాయి. 2004లో మస్జిద్ మైకులో అజాన్‌కి అనుమతి మీద పెద్ద గొడవ జరిగింది. చివరికి అనుమతి వచ్చింది. 2015లో అమెరికాలోనే మొదటిసారి ముస్లింలు మెజారిటీగా ఉన్న సిటీ కౌన్సిల్ ఇక్కడ ఎన్నికైంది. ఇప్పుడు కోనంట్ అవెన్యూ మీద బంగ్లా బోర్డులు, పక్క వీధుల్లో అరబీ బోర్డులు కనిపిస్తాయి.

ఈ ఊరు చెప్పే పాఠం చేదుగానే ఉంటుంది. ఒకప్పటి పోలిష్‌వాళ్లు కూడా తమ భాష ఇక్కడ ఎప్పటికీ ఉంటుందనే అనుకున్నారు.

చట్టం ఇచ్చే హక్కులు

2025 మార్చి 1న అధ్యక్షుడు ట్రంప్ ఇంగ్లిష్‌ను అమెరికా అధికార భాషగా ప్రకటిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. అంతకుముందు జాతీయ స్థాయిలో అధికార భాష లేదు. 30కి పైగా రాష్ట్రాల్లో మాత్రం ఇంగ్లిష్‌కి ఆ హోదా ఉంది. భాష సాయం అందించాలని ఫెడరల్ సంస్థలకు 2000లో క్లింటన్ ఇచ్చిన ఉత్తర్వును కూడా ఈ కొత్త ఉత్తర్వు రద్దు చేసింది. అయితే ఇంట్లో, వీధిలో, మస్జిద్‌లో వేరే భాష మాట్లాడటాన్ని ఇది నిషేధించదు. కాంగ్రెస్ చేసిన చట్టాలను ఉత్తర్వుతో తీసేయడం కుదరదు. కుటుంబాలు తెలుసుకోవలసినవి ఇవి:

- బడి: 1974లో లావ్ వర్సెస్ నికల్స్ కేసులో సుప్రీంకోర్టు, ఇంగ్లిష్ రాని పిల్లల్ని ఏ సాయమూ లేకుండా క్లాసులో కూర్చోబెడితే చదువు చెప్పినట్టు కాదని తేల్చింది. ఆ కేసు శాన్‌ఫ్రాన్సిస్కోలో అలా వదిలేసిన సుమారు 1,800 మంది చైనీస్ పిల్లలది. బడిలో చేర్చేటప్పుడు ఇంటి భాష ఏదని ఫారం ఇస్తారు. అక్కడ నిజమే రాయాలి. పిల్లలకు ఇంగ్లిష్ పరీక్ష పెట్టి, అవసరమైతేనే అదనపు సాయం ఇస్తారు.
- ఆసుపత్రి: ఫెడరల్ డబ్బు తీసుకునే ఆసుపత్రులు భాష రానివాళ్లకు ఉచితంగా దుబాసీని ఇవ్వాలి. ఎక్కువగా ఫోన్ మీదో వీడియో మీదో ఇస్తారు. చూడటానికి వెళ్లిన దాదీకి ఒంట్లో బాగాలేకపోతే తెలుగు లేదా ఉర్దూ దుబాసీ కావాలని అడగొచ్చు. అత్యవసరమైతే తప్ప చిన్నపిల్లలతో ఆ పని చేయించకూడదు.
- పౌరసత్వం: దరఖాస్తు నాటికి 50 ఏళ్లు నిండి 20 ఏళ్లుగా గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్లకు, 55 ఏళ్లు నిండి 15 ఏళ్లుగా ఉన్నవాళ్లకు ఇంగ్లిష్ పరీక్ష ఉండదు. పౌరశాస్త్రం పరీక్ష సొంత భాషలో రాయవచ్చు అనే మాట తప్పు. అది నోటితో జవాబిచ్చే పరీక్ష, దుబాసీని వెంట తీసుకెళ్లి సొంత భాషలో జవాబు చెప్పవచ్చు.
- ఓటు: 1975లో ఓటు హక్కు చట్టానికి చేర్చిన నిబంధన ప్రకారం, ఒక ప్రాంతంలో ఇంగ్లిష్ సరిగా రాని ఓటు వయసు పౌరులు 10 వేలు దాటినా, 5 శాతం దాటినా, వాళ్లలో నిరక్షరాస్యత దేశ సగటుకన్నా ఎక్కువుంటే బ్యాలెట్ వాళ్ల భాషలో ఇవ్వాలి. ఇది స్పానిష్, ఆసియా, అమెరికా మూలవాసుల భాషలకే వర్తిస్తుంది. దీనివల్లే న్యూయార్క్ క్వీన్స్‌లో 2013 నుంచి బంగ్లా బ్యాలెట్ వచ్చింది. అరబీ ఈ జాబితాలో లేదు. అందుకే డియర్‌బోర్న్ 2022లో సొంతంగా తీర్మానం చేసి అరబీ బ్యాలెట్ తెచ్చుకుంది.

తెలుగు, ఉర్దూ ఎక్కడున్నాయి?

తెలుగుకు అమెరికాలో సంస్థలు బాగానే ఉన్నాయి. 1970ల నుంచి తానా ఉంది. తర్వాత ఆటా వచ్చింది. 2007 నుంచి సిలికానాంధ్ర మనబడి వారాంతపు తరగతులు నడుపుతోంది. యూనివర్సిటీల్లో విస్కాన్సిన్‌కి పాత చరిత్ర ఉంది, వెల్చేరు నారాయణరావు అక్కడ దశాబ్దాలు తెలుగు చెప్పారు. ఖమ్మం ప్రాంతం నుంచి వెళ్లిన కవి అఫ్సర్ టెక్సస్‌లో, ఆ తర్వాత పెన్సిల్వేనియా యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. మన పీర్ల పండుగ మీద, 1948 పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ ముస్లింల మీద ఆయన ఇంగ్లిష్‌లో రాసిన పుస్తకాలు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ప్రచురించాయి.

ఉర్దూకి వేరే బలముంది. షికాగోలోని డెవాన్ అవెన్యూ లాంటి బజార్లలో హైదరాబాదీ, పాకిస్తానీ హోటళ్లు, దుకాణాలు పక్కపక్కనే ఉంటాయి. మస్జిద్‌ల్లో పెద్దవాళ్ల మాటలు, ముషాయిరాలు, హిందీ సినిమాలు అన్నీ ఉర్దూని చెవిన పడేలా చేస్తాయి.

తెలుగు మాట్లాడే ముస్లిం కుటుంబం ఈ రెండిటి మధ్యలో పడుతుంది. తెలుగు సంఘం కార్యక్రమాలు ఎక్కువగా ఉగాది, సంక్రాంతి, బతుకమ్మ చుట్టూ తిరుగుతాయి. అక్కడ మన పిల్ల ఒక్కతే హిజాబ్‌తో కూర్చోవలసి రావచ్చు. మస్జిద్‌లో పరిచయాలు ఉర్దూలో నడుస్తాయి. కోస్తా నుంచి వచ్చి ఇంట్లో తెలుగే మాట్లాడే కుటుంబానికి అక్కడ మాట కలవదు. జుమా ఖుత్బా చాలా చోట్ల ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. అరబ్, సోమాలి, బంగ్లా, ఉర్దూ అన్ని రకాలవాళ్లూ ఒకే సఫ్‌లో నిలబడతారు కాబట్టి అది సహజమే. ఫలితంగా మన తెలుగుకి ఇంటి బయట చోటు చాలా తక్కువ. హైదరాబాద్ ఇళ్లలోని దక్కనీదీ ఇదే పరిస్థితి. హౌ, నక్కో అని మాట్లాడితే క్లాసులో 'అసలు ఉర్దూ' కాదంటారు. పిల్లలు సిగ్గుపడి ఇంగ్లిష్‌కి మారిపోతారు.

కుటుంబాలు ఏం చేయవచ్చు?

మొదటిది, అయిదేళ్ల లోపే గట్టి పునాది వేయడం. బడి ఇంగ్లిష్ ఎలాగూ నేర్పుతుంది. రెండు భాషలు వింటే పిల్లలకు మాటలు ఆలస్యమవుతాయన్నది అపోహ. రెండూ కలిపి మాట్లాడటం కూడా మామూలే, దానికి కోప్పడక్కర్లేదు.

రెండోది, ఎవరు ఏ భాషలో మాట్లాడాలో ఇంట్లో తేల్చుకోవడం. అమ్మీ ఉర్దూ, అబ్బా తెలుగు అనుకున్నా సరే, రోజూ అలాగే సాగాలి. పిల్లలు ఇంగ్లిష్‌లో జవాబిచ్చినా పెద్దవాళ్లు మారకూడదు.

మూడోది, చదవడం. ఖురాన్ కోసం పిల్లలు అరబీ అక్షరాలు ఎలాగూ నేర్చుకుంటారు. దానికి కొన్ని అక్షరాలు కలిపితే ఉర్దూ చదవడం వస్తుంది. చాలా ఇళ్లలో ఆ చివరి అడుగే వేయడం లేదు. తెలుగులో ఖురాన్ అనువాదాలు, సీరా పుస్తకాలు కొదవ లేదు. చిలుకూరి నారాయణరావు గత శతాబ్దం మొదటి సగంలోనే ఖురాన్‌ను తెలుగు చేశారు. రోజుకు ఒక పేజీ ఇంట్లో పైకి చదివితే దీన్, భాష రెండూ కలిసి వస్తాయి.

నాలుగోది, చోటు కల్పించడం. మస్జిద్‌లో అడిగి నెలకు ఒక పూట తెలుగు హల్ఖా పెట్టుకోవచ్చు. నాలుగైదు కుటుంబాలున్నా చాలు. రెండు భాషలు వచ్చిన హైస్కూల్ విద్యార్థులకు డిప్లొమా మీద ముద్ర వేసే పద్ధతి 2011లో కాలిఫోర్నియా చట్టంతో మొదలై దాదాపు అన్ని రాష్ట్రాలకు పాకింది. పిల్లల బడి ఏ భాషలకు ఆ పరీక్ష పెడుతుందో ముందే కనుక్కోవడం మంచిది.

ఇదంతా ఎందుకంటే, లాభం అంకెల్లో కూడా కనిపించింది. అలెహాండ్రో పోర్టెస్, రుంబౌట్ శాన్‌డియాగో, మయామీల్లో 5 వేలకు పైగా వలస కుటుంబాల పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించారు. రెండు భాషలూ బాగా వచ్చిన పిల్లలకు తల్లిదండ్రులతో గొడవలు తక్కువని, తమ మీద తమకు నమ్మకం ఎక్కువని తేలింది.

ఊళ్లో ఫోన్ ముందు కూర్చునే నానీకి ఈ అధ్యయనాలు తెలియవు. "ఖానా ఖాయే బేటా?" అని అడిగితే అటునుంచి ఏ భాషలో జవాబొస్తుందో ఆమెకు తెలుసు. ఆ జవాబు "హలో, ఐయామ్ ఫైన్" దగ్గర ఆగిపోకూడదనుకుంటే, ఆ పని బడిలోనో సంఘంలోనో మొదలవదు. ఈ రాత్రి భోజనాల దగ్గర మొదలవ్వాలి.